వార్తకు ప్రాణం తోకలో ఉంటుంది

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. పేపరు చదివేవాళ్లలో చాలామంది ఆ చివరిదాకా వెళ్లరు. "ఆ భూమిని అధికారులు అక్రమంగా బదలాయించారని" అన్నంతవరకు చదివితే నేరం జరిగిపోయినట్టే అనిపిస్తుంది. ఆ వాక్యం "ఆరోపించారు" అని ముగిస్తే అది ఒకరి మాట మాత్రమే. "తేలింది" అని ముగిస్తే ఎవరో విచారించి ఉండాలి. విచారించింది ఎవరో, నివేదిక ఏ తేదీదో ఆ వార్తలోనే ఎక్కడో ఒకచోట కనబడాలి. "తెలిసింది" అంటే ఎవరో చెప్పారు, పేరు రాయొద్దన్నారు. తేలింది, తెలిసింది రెండూ వినడానికి కవలల్లా ఉన్నా బరువులో బోలెడు తేడా. "సమాచారం" అన్నది ఇంకాస్త పల్చన. "జోరుగా చర్చ సాగుతోంది" దాకా దిగితే ఆ వార్త వెనక మనిషి ఉన్నాడో లేడో కూడా చెప్పలేం.

నాయకుల ప్రసంగాల దగ్గర ఈ క్రియల ఆట మరీ ఎక్కువ. అన్నారు, చెప్పారు, తెలిపారు అనేవి ఏ రంగూ లేని మాటలు. "వెల్లడించారు" అనగానే దాగి ఉన్న నిజం ఏదో బయటికొచ్చిందని పాఠకుడు నమ్ముతాడు. "గుర్తుచేశారు" అంటే ఆ సంగతి నిజమేనని పత్రిక కూడా ఒప్పుకున్నట్టు. "అంగీకరించారు" అంటే తప్పేదో ముందే ఉన్నట్టు. ఇక మండిపడ్డారు, ధ్వజమెత్తారు, నిప్పులు చెరిగారు అన్నవాటికి అర్థం "విమర్శించారు" అనే. ఆ మంట చాలాసార్లు సభలో పుట్టింది కాదు, వార్తలు దిద్దే డెస్కులో రాజేసింది. ఒకే ప్రెస్‌మీట్ మీద ఒక పేపరు "ప్రభుత్వ తీరును ఎండగట్టారు" అని, ఇంకోటి "అక్కసు వెళ్లగక్కారు" అని రాస్తే, ఆ రెండు క్రియలు నాయకుడి గురించి కంటే పేపర్ల గురించే ఎక్కువ చెబుతాయి.

దీనికి ఒక పరీక్ష ఉంది. పెన్సిలు తీసుకుని వార్తలోని ఇలాంటి క్రియలన్నీ కొట్టేసి, వాటి చోట "అన్నారు" పెట్టి మళ్లీ చదవండి. తేదీలు, అంకెలు, పత్రాల పేర్లు మిగిలితే అది వార్త. ఏమీ మిగలకపోతే అది ఉపన్యాసం.

శీర్షికను చాలావరకు విలేకరి పెట్టడు, డెస్కులోని సబ్‌ఎడిటరు పెడతాడు. అందుకే పైన ఒక మాట, లోపల ఇంకో మాట కనిపిస్తాయి. చివర ప్రశ్నార్థకం ఉంటే ఇంకా ఖరారు కాలేదని. వార్త మొదట్లో పీటీఐ అని ఉంటే అది పేపర్లన్నిటికీ వార్తలు పంపే ఏజెన్సీ ఇచ్చిన కాపీ. దాన్నే మూడు పేపర్లలో చదివి మూడు చోట్ల రుజువైందనుకోవద్దు.

నేర వార్తల్లో మాటలకు మెట్ల వరస ఉంది. ఎఫ్‌ఐఆర్ అంటే పోలీసులకు అందిన సమాచారాన్ని నమోదు చేసిన కాగితం, అది రుజువు కాదు. అరెస్టు చేసినవాళ్లను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. "అదుపులోకి తీసుకున్నారు" అన్న మాట మాత్రం జారుడుబండ. మర్నాటి పేపర్లో అరెస్టు మాట లేకపోతే అనుమానించాల్సిందే. రిమాండ్ అంటే కేసు తేలకముందే కోర్టు కస్టడీకి పంపడం, అది శిక్ష కాదు. కోర్టు తీర్పు వచ్చేదాకా నిందితుడే తప్ప దోషి కాడు. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తర్వాత జరిగిన మోసానికి "420 కేసు" అని రాస్తే అది పాత అలవాటు. ఇప్పుడది సెక్షన్ 318(4).

నిధుల వార్తల్లోనూ మెట్లే. ప్రతిపాదన, పరిపాలనా ఆమోదం, టెండరు, శంకుస్థాపన, నిధుల విడుదల, బిల్లు చెల్లింపు. ఒక్క వంతెన ప్రతి మెట్టు మీదా ఒకసారి వార్త అవుతుంది, ఫొటోతో సహా. "రూ.40 కోట్లు మంజూరు" అంటే ఖర్చు పెట్టుకోవడానికి అనుమతి వచ్చిందని. డబ్బు వచ్చిందో లేదో తెలియాలంటే "విడుదల" అన్న మాట కోసం వెతకాలి.

వానాకాలంలో మొదటి పేజీని ఏలేవి టీఎంసీ, క్యూసెక్కు. టీఎంసీ నిల్వకు కొలత, 100 కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు ప్రవాహానికి కొలత, సెకనుకు ఒక ఘనపుటడుగు. 11,574 క్యూసెక్కులు 24 గంటలు ఆగకుండా వస్తే ఒక టీఎంసీ. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. లక్ష క్యూసెక్కుల వరద అంటే రోజుకు 8.64 టీఎంసీలు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నిల్వ 215.8 టీఎంసీలు. ఇంకా 100 టీఎంసీల ఖాళీ ఉండగా "లక్ష క్యూసెక్కులు వస్తున్నాయి, రెండు రోజుల్లో నిండుతుంది" అని రాస్తే లెక్క తప్పు. చుక్క నీరు బయటికి వదలకపోయినా పదకొండున్నర రోజులు పడుతుంది. రెండు రోజుల్లో నిండాలంటే దాదాపు 5.8 లక్షల క్యూసెక్కులు రావాలి. "ఇంకో పది అడుగులే" అన్న మాటా మోసమే. జలాశయం పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది, శ్రీశైలంలో పై పది అడుగుల్లోనే సుమారు 50 టీఎంసీలు పడతాయి. అన్నట్టు, "నిండుకుండ" అంటే నిండినది, "నిండుకుంది" అంటే అయిపోయింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే ఎవరూ సంతోషించరు. శీర్షికల్లో ఈ రెండూ తారుమారైతే డ్యాం గతి అధోగతి.

శాతాల దగ్గర ఒక్క జాగ్రత్త చాలు. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 శాతం నుంచి 6.25కు తగ్గించింది. తగ్గింది పావు శాతం పాయింటు. పాత రేటుతో పోలిస్తే మాత్రం తగ్గుదల దాదాపు 4 శాతం. ఏది వాడితే వార్త పెద్దదిగా కనిపిస్తుందో అదే శీర్షికకు ఎక్కే ప్రమాదం ఉంది.

అచ్చయింది తప్పని పత్రాలతో చూపగలిగితే ముందు ఎడిటరుకు రాయాలి. పేరు, చిరునామా పేపర్లోనే అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. సవరణ వేయకపోతే పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల్లోగా వెళ్లాలి. ఎడిటరుకు రాసిన ఉత్తరం నకలు, తేదీ కనిపించేలా ఆ పేపరు కటింగు జతచేయాలి.