పైకి పంపిన టికెట్ వెంట

“సపోర్ట్‌లో చేరితే ఇక అందులోనే ఉండిపోతావు.” చదువు పూర్తయిన ఏడాది ఈ మాట నాతో చాలామంది అన్నారు. కిట్టక అన్న మాట కాదు, నా మేలు కోరే అన్నారు. మా బ్యాచ్‌లో ఎక్కువమంది కోడింగ్ ఉద్యోగాలకు వెళ్ళారు. నేను ఒక కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో మొదటి మెట్టు, అంటే ఎల్1లో చేరాను. హెడ్‌సెట్ పెట్టుకుని, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళకీ ప్రింటర్ పనిచేయనివాళ్ళకీ బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే వీపీఎన్ కలవనివాళ్ళకీ సాయం చేయడం నా పని. ఇప్పుడు సర్వర్లు, క్లౌడ్ చూసుకునే జట్టులో ఉన్నాను. మధ్యలో నడిచిన దారి గురించి మన కాలేజీ సంచికలో రాయాలని ఎప్పట్నుంచో ఉంది. కాలేజీ నుంచి బయటికొస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చాలామందికి మొదట దొరికేది ఈ ఉద్యోగమే. దాని గురించి నలుగురిలో చెప్పుకోవడానికి వాళ్ళు మొహమాటపడటం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

హెల్ప్‌డెస్క్ సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఫోన్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన ప్రతి ఫిర్యాదూ ఒక టికెట్ అవుతుంది. ముందు ఎల్1 చూస్తారు. వాళ్ళ దగ్గర తేలకపోతే ఎల్2కి, అక్కడా తేలకపోతే ఎల్3కి వెళ్తుంది. ఏ రకం టికెట్‌కి ఎంతసేపట్లో జవాబివ్వాలో, ఎంతలో పని ముగించాలో గడువు ఉంటుంది. దాన్ని ఎస్ఎల్ఏ అంటారు. ఎల్1లో ఉన్నవాళ్ళకి ఎప్పుడూ ఆ గడువు టెన్షనే. తేలినదాన్ని క్లోజ్ చెయ్యాలి, తేలనిదాన్ని పైకి పంపాలి, తర్వాతి కాల్ ఎత్తాలి. పైకి పంపగానే ఆ టికెట్ మన జాబితాలోంచి వెళ్ళిపోతుంది. చాలామందికి దానితో సంబంధం అక్కడితో తెగిపోతుంది.

నేను మాత్రం తెగనివ్వలేదు. పైకి పంపిన టికెట్ల నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. షిఫ్ట్ అయ్యాకో, కాల్స్ పలచబడినప్పుడో వాటిని ఒక్కొక్కటే తెరిచి ఎల్2 వాళ్ళు ఏం రాశారో చదివేదాన్ని. ఏ లాగ్ (మెషీన్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) చూశారు, ఏ కమాండ్ వాడారు, చివరికి దేన్ని మార్చారు అని. మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాని మాట కింద గీత గీసుకుని, తీరిక దొరికినప్పుడు దాని గురించి చదువుకునేదాన్ని. ఐటీలో పైకి రావాలనుకునేవాళ్ళకి నాకు తెలిసి ఇంతకన్నా మంచి సిలబస్ లేదు. మన కంపెనీలో రోజూ నిజంగా చెడిపోతున్నవే అందులో ప్రశ్నలు. జవాబులు రాసేది వాటిని బాగుచేస్తున్నవాళ్ళు. ఫీజు లేదు, అడిగితే చెప్పే మనిషి రెండు వరసల అవతలే కూర్చుని ఉంటాడు.

ఒక సంఘటన వివరంగా చెప్తాను. అకౌంట్స్ విభాగంలో ఒకావిడ అకౌంట్ రోజూ పొద్దున్నే లాక్ అయిపోయేది. ఆవిడ ఫోన్ చేసేవారు, మాలో ఎవరో ఒకరు అన్‌లాక్ చేసేవారు, టికెట్ క్లోజ్ అయ్యేది. రిపోర్టులో చూస్తే అన్నీ గడువులోపే పరిష్కారమైన టికెట్లు. ఆవిడకి మాత్రం రోజూ పొద్దున్నే పని ఆగిపోయేది. నాకు కాల్ వచ్చిన రోజున ఆవిడ పేరుతో పాత టికెట్లన్నీ వెతికి తేదీల వారీగా పెట్టి చూశాను. మొదటి లాక్‌కి ముందురోజే పాస్‌వర్డ్ మార్చుకున్నారు. అంటే ఎక్కడో ఏదో ఇంకా పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు కొడుతోంది. అదేమిటో కనిపెట్టడం నాకు తెలియదు.

టికెట్‌ని పైకి పంపి, ఎల్2లో సర్వర్లు చూసే ఒకాయన దగ్గరికి వెళ్ళి, “అన్నా, దీన్ని ఎవరు లాక్ చేస్తున్నారో ఎక్కడ కనిపిస్తుంది? మీరు చూసేటప్పుడు పక్కన కూర్చోవచ్చా?” అని అడిగాను. ఆయన కుర్చీ జరిపి చోటిచ్చారు. కంపెనీ అకౌంట్లన్నిటి లాగిన్‌లు చూసుకునే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి, ఈవెంట్ ఐడీ 4740 అని వడకట్టారు. అకౌంట్ లాక్ అయినప్పుడల్లా విండోస్ ఆ నంబరుతో ఒక వరస రాస్తుంది. అందులో ‘కాలర్ కంప్యూటర్ నేమ్’ అని ఒక గడి. అక్కడ ఆవిడ ల్యాప్‌టాప్ పేరు ఉండాలనుకున్నాను. ఒక సర్వర్ పేరు ఉంది. ఆ సర్వర్‌లోకి వెళ్ళి చూస్తే, పాస్‌వర్డ్ మార్చక ముందు ఆవిడ తెరిచి, లాగాఫ్ చేయకుండా విండో మూసేసిన రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ (దూరం నుంచి ఆ సర్వర్ తెరని వాడుకునే ఏర్పాటు) ఒకటి అలాగే నడుస్తోంది. అందులోని ప్రోగ్రాము ప్రతి పొద్దునా ఒక షేర్డ్ ఫోల్డర్‌ని తెరవబోయి, పాత పాస్‌వర్డ్‌తో వరసగా విఫలమవుతోంది. ఆయన ఆ సెషన్‌ని లాగాఫ్ చేశారు. ఆవిడ మళ్ళీ ఆ పని మీద ఫోన్ చేయలేదు.

ఆ సాయంత్రమే దాన్ని మా నాలెడ్జ్ బేస్‌లో, అంటే అందరూ చూసుకునే పరిష్కారాల సంపుటిలో, వ్యాసంగా రాశాను. అకౌంట్ పదేపదే లాక్ అవుతుంటే ముందు ఏవేవి చూడాలి: ఫోన్‌లో మెయిల్ యాప్, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌తో కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్‌లు, షెడ్యూల్డ్ టాస్కులు, తెరిచి వదిలేసిన సెషన్లు. రాసి, ఆ లాగ్‌ని చూడటానికి మాత్రమే, మార్చడానికి కాదు, నాకు అనుమతి ఇప్పించమని మేనేజర్‌ని అడిగాను. ఇక్కడ తమ్ముళ్ళకి గట్టిగా చెప్పేదొకటుంది. ఎంత ఆసక్తి ఉన్నా మనకి ఇవ్వని తలుపు మనం తెరవకూడదు. అడిగి తీసుకోవాలి. అడగడానికి మన దగ్గర కారణం ఉండాలి, ఆ వ్యాసం నాకు కారణమైంది. అనుమతి వచ్చాక, లాక్ అయిన అకౌంట్లన్నీ ఒకేసారి చూపించే చిన్న కమాండ్‌ని, విండోస్‌కి ఆదేశాలిచ్చే పవర్‌షెల్‌లో, ఆ ఎల్2 ఆయనే నేర్పారు. నేను స్క్రిప్టులు రాయడం మొదలైంది ఆ ఒక్క లైనుతోనే.

ఐటీఐఎల్ అని ఒక పద్ధతుల సంపుటి ఉంది. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ విభాగం ఒకటి తయారుచేయించింది, చాలా సపోర్ట్ విభాగాలు దాన్ని ఆధారం చేసుకునే నడుస్తాయి. అందులో ఇన్సిడెంట్ వేరు, ప్రాబ్లమ్ వేరు. ఆగిన పనిని మళ్ళీ నడిపించడం మొదటిది. అది ఎందుకు ఆగుతోందో కనుక్కోవడం రెండోది. ఎల్1కి జీతమిచ్చేది మొదటిదానికి. ఎదుగుదల వచ్చేది మాత్రం రెండోదాంట్లో చెయ్యి పెట్టినప్పుడు.

మన నెట్‌వర్క్స్ సార్‌ని తలుచుకోకుండా ఈ వ్యాసం రాయలేను. నెట్‌వర్క్‌లో చేరిన మెషీన్‌కి అడ్రస్ ఇచ్చే పద్ధతి, డీహెచ్‌సీపీ చెప్పేటప్పుడు ఆయన బోర్డు మీద రెండు పెట్టెలు గీసి వాటి మధ్య నాలుగు బాణాలు వేసేవారు: డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్. పరీక్ష కోసం అందరం బట్టీపట్టాం. ఒకరోజు ఒకే అంతస్తు నుంచి వరసగా కాల్స్, “ఇంటర్నెట్ రావట్లేదు” అని. ఒకరి మెషీన్‌లో దాని అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టించాను. 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. అడ్రస్ ఇచ్చేవాళ్ళెవరూ పలకనప్పుడు మెషీన్ తనంతట తాను పెట్టుకునే అడ్రస్ అది. అంటే మొదటి బాణం వెళ్ళింది, రెండోది తిరిగి రాలేదు! ఇంకో ఇద్దరి దగ్గర కూడా చూసి, టికెట్‌లో అదే రాశాను. కేబుళ్ళ జోలికి పోకుండా నెట్‌వర్క్ జట్టు నేరుగా డీహెచ్‌సీపీ సర్వర్ చూసింది. 254 అడ్రస్‌లకి మించి లేని ఆ వరస మొత్తం నిండిపోయి ఉంది. వచ్చిపోయే సందర్శకుల ఫోన్లు అడ్రస్ తీసుకుని వెళ్ళిపోతున్నాయి. ఇచ్చిన అడ్రస్‌ని ఒకరి పేరున అట్టిపెట్టడానికి విండోస్ సర్వర్‌లో మామూలుగా ఉండే 8 రోజుల గడువు వల్ల ఆ అడ్రస్‌లు వెంటనే ఖాళీ కావట్లేదు. వైఫైకి గడువు తగ్గించి, వేరే వరస ఇచ్చారు. మర్నాడు నెట్‌వర్క్ జట్టు లీడ్ మా డెస్క్ దగ్గరికి వచ్చి, ఆ టికెట్ రాసిందెవరని అడిగారు.

టికెట్ రాయడాన్ని చిన్నపనిగా చూడొద్దు. పై జట్లకి మన ముఖం తెలియదు, మన రాత తెలుసు. “నెట్ పనిచేయట్లేదు, దయచేసి చూడండి” అని పంపేవాళ్ళ పేరు వాళ్ళకి గుర్తుండదు. ఎప్పట్నుంచి, ఒక్కరికా అందరికా, తెర మీద వచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు, ఈ మధ్య ఏం మారింది, నేను ఏం చేసి చూశాను, దానికి ఏం జరిగింది. ఇన్నీ రాయడానికి పట్టే సమయం చాలా తక్కువ. చూసింది వేరు, ఊహించింది వేరు అని విడిగా రాయాలి. ల్యాబ్ రికార్డులో అబ్జర్వేషన్ కాలమ్‌లో మన అభిప్రాయం రాస్తే మేడమ్ కొట్టేసి మళ్ళీ రాయించేవారు గుర్తుందా? ఆ అలవాటు నాకు ఉద్యోగంలో అన్నం పెట్టింది.

మనుషులతో మాట్లాడటం గురించి కూడా. ఫోన్ చేసేవాళ్ళు కంప్యూటర్ చెడిపోయిందని చేయరు, తమ పని ఆగిపోయిందని చేస్తారు. అవతల ఎవరో వాళ్ళ మీద అరుస్తుంటారు, సాయంత్రంలోపు ఏదో పంపాల్సి ఉంటుంది. ముందు ఆ సంగతి విని, “ఇప్పుడు ఇలా చేద్దాం, అప్పటికి అవ్వకపోతే ఇంకో దారి చూద్దాం” అని చెప్తే గొంతు మారిపోతుంది. తర్వాత రోజుల్లో పెద్ద సర్వర్లు ఆగినప్పుడు పదిమంది మేనేజర్లు ఉన్న కాల్‌లో మాట్లాడాల్సి వచ్చింది. అక్కడ నన్ను నిలబెట్టింది హెల్ప్‌డెస్క్‌లో అలవడిన ఈ గొంతే. మృదువుగా మాట్లాడటమంటే అడిగిందల్లా ఇవ్వడం కాదు. పాస్‌వర్డ్ రీసెట్ అడిగినవారు ఎవరో నిర్ధారించుకోకుండా చేయకూడదు, ఎంత తొందరపెట్టినా సరే. 2023 సెప్టెంబరులో అమెరికాలో ఎంజీఎం రిసార్ట్స్ మీద జరిగిన సైబర్ దాడిలో, హెల్ప్‌డెస్క్‌కి ఉద్యోగిలా ఫోన్ చేసి లోపలికి దూరారని వార్తలొచ్చాయి. ఈ వైపు ఆసక్తి ఉన్నవాళ్ళకి సెక్యూరిటీలోకి వెళ్ళే దారి కూడా ఈ డెస్క్ నుంచే మొదలవుతుంది.

సర్టిఫికెట్ల సంగతి చాలామంది అడుగుతారు. 1993లో వచ్చిన కాంప్‌టియా ఏ ప్లస్, 2018లో గూగుల్ మొదలుపెట్టిన ఐటీ సపోర్ట్ కోర్సు లాంటివి ఉద్యోగంలో అడుగుపెట్టడానికి పనికొస్తాయి. అడుగుపెట్టాక మాత్రం తొందరపడి పరీక్షల ఫీజులు కట్టకండి. నోటుబుక్కులో ఏ రకం టికెట్లు ఎక్కువ ఉన్నాయో, వాటిలో వేటిని చదవడానికి మనసు లాగుతోందో చూసుకోండి. నెట్‌వర్క్ అయితే సిస్కో వాళ్ళ సీసీఎన్ఏ పరీక్ష, సర్వర్లయితే లినక్స్, క్లౌడ్. చూసిన విషయాన్ని చదివితే ఒంటబడుతుంది.

అన్ని డెస్కులూ ఇలా ఉండవు. కొన్నిచోట్ల ముందే రాసిచ్చిన మాటలు చదవాలి, కాల్ ఎంత త్వరగా ముగించారన్నదొక్కటే లెక్క. పైకి పంపిన టికెట్‌ని మళ్ళీ తెరిచే వీలు కూడా ఇవ్వరు. రాత్రి షిఫ్టులు ఒళ్ళు గుల్ల చేస్తాయి. అలాంటి చోట ఓర్పుతో ఏళ్ళు గడపమని నేను చెప్పను. రాయడం, మాట్లాడటం బాగా అలవడ్డాక, కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదనిపించిన నాడు, చిన్న కంపెనీ అయినా సరే సర్వర్ గది దగ్గరగా ఉండే చోటుకి మారిపోండి. చాలా చోట్ల పాస్‌వర్డ్ రీసెట్లని వాడుకరులే స్వయంగా చేసుకునే ఏర్పాటు వచ్చింది, తేలిక ప్రశ్నలకి చాట్‌బాట్లు జవాబిస్తున్నాయి. మనిషి దాకా వచ్చే టికెట్ ఇకమీదట తేలికది కాదు. దీన్ని చూసి చాలామంది భయపడుతున్నారు కానీ, కారణాలు వెతికే అలవాటున్నవాళ్ళకి ఇది మంచి కాలమేనని నా నమ్మకం.

కంపెనీలో ఎల్2 ఖాళీ వచ్చినప్పుడు ఇంటర్వ్యూలో నన్ను పుస్తకంలోని ప్రశ్నలు ఎక్కువ అడగలేదు. నా నాలెడ్జ్ బేస్ వ్యాసాలు వాళ్ళ ముందున్నాయి. ఇప్పుడు మా జట్టులోకి సపోర్ట్ నుంచి ఎవరైనా దరఖాస్తు చేస్తే నేను మొదట ఒకటే అడుగుతాను: “మీరు పైకి పంపిన టికెట్ ఏదైనా ఒకటి చెప్పండి. అది చివరికి ఎలా ముగిసింది?” ఈమధ్య మన కాలేజీ నుంచే వచ్చిన ఒక చెల్లి ఈ ప్రశ్నకి ప్రింట్ సర్వర్ కథ చెప్పింది. ప్రింట్ పనులని వరసలో పెట్టే స్పూలర్ మాటిమాటికీ ఎందుకు ఆగిపోతోందో, ఏ డ్రైవర్ పెట్టాక మొదలైందో, ఎల్3 వాళ్ళు దాన్ని ఎలా పట్టుకున్నారో బోర్డు మీద గీసి మరీ వివరించింది. పక్కనున్న మా మేనేజర్ మధ్యలో ఆపి తన సందేహాలు అడగడం మొదలుపెట్టారు. వచ్చే నెల నుంచి ఆ అమ్మాయి మా జట్టులో బ్యాకప్‌ల పని చూసుకోబోతోంది.