ఆండ్రే క్రౌచ్ గురించి ఒక పేజీ

సంగీతకారుల జీవిత విశేషాల్లో తప్పులు ఎక్కువగా పుట్టిన తేదీ దగ్గరో, సొంత ఊరి పేరు దగ్గరో దొర్లుతాయని మనం అనుకుంటాం. అమెరికా గాస్పెల్ (నల్లజాతి చర్చిల భక్తి సంగీతం) గాయకుడు, రికార్డు ప్రొడ్యూసరు ఆండ్రే క్రౌచ్ విషయంలో నాకు కనిపించినది వేరు. ఆయన తేదీలు చాలాచోట్ల సరిగానే ఉన్నాయి. ఫలానా పాటలో ఆయన చేసిన పని ఏమిటన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాసేవాళ్లు తడబడుతున్నారు. పాట రాసిందెవరు, పాడిందెవరు, వెనక బృందగానం నడిపిందెవరు, రికార్డింగు బాధ్యత మొత్తం మోసిందెవరు అన్నవి నాలుగు వేరువేరు ప్రశ్నలు. నాలుగింటికీ ఒకే పేరు జవాబుగా పెట్టేస్తే పేజీ త్వరగా నిండుతుంది కానీ, అందులో సగం అబద్ధం అవుతుంది.

గుంటూరు బ్రాడీపేటలో మేము వెళ్లే చర్చి క్వయర్ (గాయక బృందం) ఈసారి సంగీత సాయంత్రానికి క్రౌచ్ పాటలను ఎంచుకుంది. కార్యక్రమ పత్రంలో వేయడానికి ఆయన పరిచయం ఒక పేజీ రాసి, అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి చూసిపెట్టమని క్వయర్ పిల్లలు నాకు పంపారు. వాట్సాప్ సందేశాలు, వీడియోల కింద ఉండే వివరణలు, ఎవరో చేసిన తెలుగు అనువాదం ఒకటి కలిపి దాన్ని తయారుచేశారు. తెలుగు చదవడానికి ఎంతో హాయిగా ఉంది, నాకు భయం వేసింది కూడా అందుకే. తడబడుతూ రాసిన వాక్యాన్ని ఎవరైనా ఆగి మళ్లీ చదువుతారు గానీ, సాఫీగా సాగిపోయే వాక్యాన్ని అనుమానించేవారు తక్కువ.

తేదీల సంగతి ముందు చెప్పేస్తాను. క్రౌచ్ 1942 జులై 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు, సాండ్రా ఆయనకు కవల సోదరి. 2015 జనవరి 8న లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు. పిల్లల ప్రతిలో వయసు 73 అని ఉంది. 2015 లోంచి 1942 తీసేస్తే 73 వస్తుంది కానీ, జులైలో పుట్టిన మనిషి జనవరిలో పోయినప్పుడు ఆ ఏటి పుట్టినరోజు ఇంకా రాలేదు కాబట్టి 72 అని ఉండాలి. ఇలాంటి తప్పుకు గ్రంథాలయానికి వెళ్లనక్కర్లేదు, వేళ్ల మీద లెక్కపెడితే దొరికిపోతుంది.

జులై 1 అన్న తేదీ నన్ను మరో కారణంతో కాసేపు ఆపింది. గాస్పెల్ సంగీతానికి పితామహుడిగా పేరుపొందిన థామస్ ఎ. డోర్సీ పుట్టినది కూడా జులై 1నే, కాకపోతే 1899లో, జార్జియా రాష్ట్రంలోని విల్లా రికాలో. ఇద్దరూ చనిపోయింది జనవరిలోనే, డోర్సీ 1993 జనవరి 23న. ఒకే రంగంలోని ఇద్దరికి ఒకే తేదీ కనిపిస్తే ఒకరి వివరం మరొకరి ఖాతాలో పడిందేమోనని అనుమానించడం సహజం, ఆ అనుమానం మంచిదే. ఇక్కడ మాత్రం రెండు తేదీలూ నిజమే. ఇద్దరికీ విడివిడిగా ఆధారాలు చూసుకున్నాకే ఆ మాట అనగలిగాను.

డోర్సీ ప్రస్తావన వచ్చింది కాబట్టి మన వాట్సాప్ గుంపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ఒక కథ గురించి చెప్పాలి. 1932 ఆగస్టులో డోర్సీ సెయింట్ లూయిస్‌లో కూటాలకు వెళ్లి ఉండగా, చికాగోలో భార్య నెటీ ప్రసవంలో చనిపోయింది, బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలోంచే ‘టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్’ పుట్టింది. ఇంతవరకు నిజం. కానీ కథ చివర రచయితగా డ్యాన్సు బ్యాండు నాయకుడు టామీ డోర్సీ పేరు వేసి, పైన ట్రాంబోన్ పట్టుకున్న ఆయన ఫోటో కూడా పెడతారు. టామీ 1905లో పుట్టి 1956లో పోయిన శ్వేతజాతి సంగీతకారుడు, థామస్ నల్లజాతి చర్చిల్లో పెరిగి వాటి పాటనే మార్చిన మనిషి. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన ఒకరి భార్య మరణాన్ని మరొకరికి అంటగట్టిన ఈ సందేశం కింద ‘ఆమేన్’లు వందల్లో ఉంటాయి. అది ఎవరి కన్నీరో చూసుకోకుండా ఆమేన్ అనడం నాకు నచ్చదు.

అసలు చిక్కు పాటల్లో ఉంది. మైకేల్ జాక్సన్ పాడిన ‘మ్యాన్ ఇన్ ది మిర్రర్’ను క్రౌచ్ ‘రాసి, రూపొందించారు’ అని పిల్లల ప్రతిలో ఉంది. నా దగ్గర ‘బ్యాడ్’ ఆల్బమ్ సీడీ ఉంది. దాని బుక్‌లెట్‌లో చీమ తలకాయంత అక్షరాలను భూతద్దం పెట్టుకుని చదివితే సంగతి తేలిపోయింది. రచన, స్వరకల్పన సైదా గారెట్‌, గ్లెన్ బల్లార్డ్‌లవి, ప్రొడ్యూసరు క్విన్సీ జోన్స్. ఆండ్రే క్రౌచ్ క్వయర్ పేరు ఆ పాటకు గొంతు కలిపినవారి వరుసలో ఉంది. 1989లో వచ్చిన మడోనా ‘లైక్ ఎ ప్రేయర్’ కథా అంతే. దాన్ని రాసి రూపొందించినది మడోనా, పాట్రిక్ లెనార్డ్. క్రౌచ్ వంతు బృందగానం.

ఇలా సరిచేస్తే ఆయన చిన్నబోతారేమోనని ఒక అబ్బాయి అన్నాడు. నాకు అలా అనిపించదు. ఆ పాటల చివరి నిమిషాల్లో గొంతులు ఒకదాని మీద ఒకటి లేచి ఆదివారం ఆరాధనలో ఉన్నట్టు అనిపిస్తుందే, ఆ పని ఆయన మనుషులది. చర్చి బల్లల మధ్య నేర్చుకున్న పాటను స్టూడియోలోకి తీసుకెళ్లి, పాప్ సంగీతం వినేవాళ్ల చెవిన వేయడం అందరికీ చేతనయ్యేది కాదు. ఆ ఘనత నిజంగా ఆయనది అయినప్పుడు, ఆయన రాయని పాటను ఆయన పేరున రాయవలసిన అవసరం ఏముంది?

‘ఆస్కార్ గ్రహీత’ అన్న మాట కూడా ఇలాంటిదే. 1985 నాటి ‘ది కలర్ పర్పుల్’ సినిమా నేపథ్య సంగీతానికి అకాడమీ నామినేషన్ వచ్చిన మాట వాస్తవం, అందులో క్రౌచ్ పేరు ఉన్న మాటా వాస్తవమే. అయితే ఆ నామినేషన్‌ను పంచుకున్నవారు క్విన్సీ జోన్స్‌తో కలిపి పన్నెండు మంది, బహుమతి మాత్రం ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’కు జాన్ బ్యారీ తీసుకెళ్లారు. అకాడమీ సొంత జాబితా తెరిస్తే ఇదంతా ఒక్క వరుసలో కనిపిస్తుంది.

పిల్లలు పాడబోయే ‘మై ట్రిబ్యూట్’ దగ్గర మరో ముడి పడింది. అందులో పదేపదే వచ్చే ‘టు గాడ్ బి ది గ్లోరీ’ అన్న మాటతోనే 1875లో అచ్చయిన పాత కీర్తన ఒకటి ఉంది. దానికి మాటలు కూర్చినది పసితనంలోనే చూపు పోయిన ఫానీ క్రాస్బీ, రాగం కట్టినది విలియం డోన్. క్రౌచ్ పాట 1970ల తొలినాళ్లది, మాటలూ రాగమూ రెండూ ఆయనవే. పల్లవి ఒకేలా వినిపించడంతో కొన్నిచోట్ల క్రాస్బీ పాటను క్రౌచ్ ఖాతాలో, మరికొన్నిచోట్ల క్రౌచ్ పాటను క్రాస్బీ ఖాతాలో వేశారు. మన ప్రతిలో అయితే ‘ఫానీ క్రాస్బీ పాటకు క్రౌచ్ కొత్త రాగం కట్టారు’ అని మధ్యేమార్గం కనిపెట్టారు. తెలివైన ఊహే గానీ, ఊహ మాత్రమే. చరణాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండు పాటలకూ ఆ ఒక్క మాట తప్ప పొత్తు లేదని ఎవరికైనా తెలుస్తుంది.

క్రౌచ్‌కు వచ్చిన గ్రామీలు, అంటే అమెరికా సంగీత బహుమతులు, మొత్తం ఏడు. అందులో ఒకటి ప్రభువు ప్రార్థనను పలువురు గాయకులు కలిసి రికార్డు చేసినందుకు ఉమ్మడిగా వచ్చింది. ‘టేక్ మీ బ్యాక్’ ఆల్బమ్ 1975లో వచ్చింది, దానికి బహుమతి ఇచ్చిన సభ 1976 ఫిబ్రవరిలో జరిగింది. అది ఆల్బమ్ వచ్చిన ఏడాదో, సభ జరిగిన ఏడాదో చెప్పకుండా ఒకచోట ఒకటి, మరోచోట మరొకటి వేస్తే చదివేవారికి రెండు బహుమతులన్న భ్రమ కలుగుతుంది. ఇక ‘వియ్ సింగ్ ప్రైజెస్’కు వచ్చిన గ్రామీ ఆండ్రేది కాదు, కవల సోదరి సాండ్రాది.

ప్రొడ్యూసరుగా ఆయన గురించి మన ప్రతిలో ఒక్క వాక్యమే ఉంటే, నేను కొంచెం పెంచాను. 1965లో ‘ది డిసైపుల్స్’ బృందాన్ని కూడగట్టి, రాల్ఫ్ కార్మైకేల్ నడిపిన లైట్ రికార్డ్స్ ద్వారా ఆల్బమ్‌లు తెచ్చారు, డ్రమ్ములు వాయించే బిల్ మాక్స్‌వెల్‌తో కలిసి వాటిలో కొన్నింటిని స్వయంగా రూపొందించారు. గాస్పెల్ పాడే ‘ది వైనన్స్’ సోదరులను శ్రోతల ముందుకు తెచ్చింది కూడా ఆయనే. స్టూడియోలో ఏ గొంతు ఎప్పుడు వినిపించాలో, ఏ టేకు ఉంచాలో, వాద్యాలు ఎక్కడ ఆగాలో తేల్చి చెప్పే ఈ పని శ్రోతకు కనిపించదు. అందుకే పరిచయాల్లో దానికి చోటు చిక్కదు.

ఒక్క విషయంలో మాత్రం క్వయర్ పిల్లలకూ నాకూ వాదన జరిగింది. తండ్రి బెంజమిన్ క్రౌచ్ ఒక చిన్న సంఘంలో ప్రసంగించడానికి వెళ్లినప్పుడు, అక్కడ పియానో వాయించేవారు లేకపోవడంతో, పదకొండేళ్ల కొడుకుకు సంగీత వరం ఇవ్వమని ప్రార్థించి, తర్వాత ఒక ఆరాధనలో అతణ్ణి పియానో దగ్గరికి పిలిచారనీ, కుర్రవాడు అప్పటికప్పుడు వాయించాడనీ ఒక సాక్ష్యం ఉంది. నేను వాక్యం చివర ‘అని ఆయన చెప్పేవారు’ అని చేర్చాను.

‘‘అంకుల్, ఆ మాట తీసేయండి. మనకే నమ్మకం లేనట్టు ఉంది’’ అంది ఆల్టో పాడే అమ్మాయి.

‘‘నమ్మకం లేక కాదమ్మా. తేదీ అయితే కాగితం చెబుతుంది, ఇది చెప్పాల్సింది ఆయనే. ఆయన నోట వచ్చిన మాటని ఆయన పేరుతోనే చెబుదాం’’ అన్నాను. ఆ అమ్మాయి పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, మాట మాత్రం ఉంది.

పది వెబ్‌సైట్లు ఒకే మాట చెబుతున్నాయన్న వాదన కూడా వచ్చింది. ఆ పదింటిలోనూ ఒకే వాక్యం, ఒకే అచ్చుతప్పుతో సహా ఉంటే అది పది మంది సాక్ష్యం కాదు, ఒక్కడి మాటకు పది ప్రతులు. పాట ఎవరిదో తెలియాలంటే అమెరికా కాపీరైట్ ఆఫీసు పాత కేటలాగులు చూడాలి, రికార్డులో ఎవరేం చేశారో తెలియాలంటే దాని కవరు, బహుమతుల సంగతి తేలాలంటే ఇచ్చిన సంస్థ జాబితా చూడాలి. ఇంటి విషయాలకు 1974లో వచ్చిన ఆయన ఆత్మకథ ఉంది.

మన దగ్గర పరిస్థితి ఇంకా వింత. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే రాగం, తాళంతో పాటు రచయిత పేరు కూడా ఉంటుంది. ఒక్క రికార్డూ లేని కాలపు మనిషి పురుషోత్తమ చౌదరి పేరు ఈనాటికీ నిలవడానికి ఆ అలవాటే కారణం. క్యాసెట్ల కాలం వచ్చాక వరస తిరగబడింది. ముఖచిత్రం మీద మైకు పట్టుకున్న గాయకుడు, వెనక గులాబీలు, పైన పావురం, కింద అమ్మేవారి ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. రచయిత పేరు మాత్రం కార్డు మడతపడే చోట పడి చెరిగిపోయి ఉంటుంది, లేదా అసలే ఉండదు.

మా కార్యక్రమంలో ఉన్న ఒక తెలుగు పాటకు కూడా అందరూ గాయకుడి పేరే చెప్పారు. రాసినావిడ తెనాలి వైపు బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారని క్వయర్‌లో పాతకాపు ఒకాయన గుర్తుచేస్తే, ఆమె కూతురికి ఫోన్ చేశాం. అమ్మ రూళ్ల నోటుపుస్తకంలో ఆ పాట ఉన్న పేజీని ఫోటో తీసి పంపించింది. రెండో చరణంలో కొట్టివేతలు ఉన్నాయి, క్యాసెట్‌లో లేని మూడో చరణం కూడా ఉంది. పత్రంలో ఆ పాట కింద రచన, గానం, సంగీతం అని మూడు పేర్లు విడివిడిగా వేశాం. మూడో చరణం కూడా చేర్చడంతో క్రౌచ్ పేజీలో నాలుగు వరసలు కోయవలసి వచ్చింది. గ్రామీల వివరాలు కోసి, అంకె మాత్రం ఉంచాను.