గుడి నెట్‌వర్క్ మైక్ సెట్: లోపాల వేటలో ఇప్పటిదాకా తేలినవి

ముందు సెట్ ఎలా ఉందో చెబితే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మైక్‌లు, పాటలు వేసే ప్లేయర్ ఆఫీసు గదిలోని డిజిటల్ మిక్సర్‌లోకి వస్తాయి. అక్కణ్ణుంచి డాంటే (లాన్ మీద శబ్దాన్ని పంపే పద్ధతి) మీద రెండు యాంప్లిఫయర్లకు వెళ్తాయి. ఒకటి మండపం లోపలి కాలమ్ స్పీకర్లకు, రెండోది ప్రాకారం చుట్టూ ఉన్న 100 వోల్టుల లైన్ హారన్లకు, అంటే ఒకే జత తీగల మీద ఒక్కోదానికీ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కలిపిన హారన్లకు. పార్కింగులో, కోనేటి గట్టున ఉన్నవి ఐపీ హారన్లు. వాటికి కరెంటు, శబ్దం ఒకే లాన్ కేబుల్ మీద పోతాయి. శబ్దం మల్టీకాస్ట్ ఆర్‌టీపీగా, అంటే ఒకే ప్రవాహం అడిగిన హారన్లన్నిటికీ చేరేలా, మిక్సర్ పక్కనున్న ఎన్‌కోడర్ డబ్బా నుంచి వస్తుంది. డాంటేకి ఒక వీలాన్ (అవే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్), ఐపీ హారన్లకు ఇంకొకటి. సీసీ కెమెరాలు కూడా ఇవే స్విచ్‌ల మీద ఉన్నాయి.

ఏ ఫిర్యాదు వచ్చినా "సౌండ్ రావట్లేదు" అనే వస్తుంది. దాన్ని పట్టుకుని నిచ్చెన ఎక్కితే లాభం లేదు. ఎప్పుడు ఆగిందో అడగాలి. వానకా, వాల్యూమ్ పెంచినప్పుడా, కరెంటు పోయి వచ్చాకా, మొదలైన కాసేపటికా? ఈ సెట్‌లో దొరికిన లోపాలన్నిటికీ దారి చూపింది ఆ ప్రశ్నే.

నాలుగు నిమిషాలకు మూగబోయే ఐపీ హారన్లు – సరైంది

ప్రకటన చిన్నదైతే అన్నీ బాగానే పలుకుతాయి. భజన పెడితే దాదాపు నాలుగు నిమిషాలకు ఐపీ హారన్లన్నీ ఆగిపోతాయి. హారన్ కేబుల్ పీకి పెడితే మళ్లీ పలుకుతుంది, మళ్లీ నాలుగు నిమిషాలకు ఆగుతుంది. హారన్ పాడైతే ఇంత లెక్కగా ఆగదు. ఇది ఐజీఎంపీ స్నూపింగ్ గడువు. మల్టీకాస్ట్ ఎవరికి కావాలో స్విచ్ గమనించి వాళ్లకే పంపడాన్ని అలా అంటారు.

జరిగేది ఇదీ. హారన్ మొదలవగానే "ఈ మల్టీకాస్ట్ గ్రూపు నాకు కావాలి" అని స్విచ్‌కి చెబుతుంది. స్విచ్ ఆ పోర్టును రాసుకుంటుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు "ఇంకా కావాలా?" అని అడుగుతూ ఉండాలి. అలా అడిగేదే క్వెరియర్. మామూలుగా 125 సెకండ్లకోసారి అడుగుతుంది. రెండు విడతలు, పైన జవాబుకు 10 సెకండ్లు కలిపి 260 సెకండ్లలో ఏ కబురూ లేకపోతే స్విచ్ ఆ పోర్టును జాబితాలోంచి తీసేస్తుంది. అంటే నాలుగు నిమిషాల ఇరవై సెకండ్లు. ఇక్కడ ఇదివరకు ఆ పని పాత రౌటర్ చేసేది. కొత్త రౌటర్ చెయ్యదు, స్విచ్‌లలో స్నూపింగ్ మాత్రం ఆన్‌లోనే ఉంది.

రుజువు చేసుకోవడం తేలిక. ల్యాప్‌టాప్‌ను అదే వీలాన్ పోర్టులో పెట్టి నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్‌లో ఐజీఎంపీ ఫిల్టర్ వెయ్యాలి. క్వెరీ 224.0.0.1కి పోతుంది, అది అన్ని పోర్టులకూ వస్తుంది కాబట్టి పోర్ట్ మిర్రర్ (వేరే పోర్టు ట్రాఫిక్ నకలు తీసుకోవడం) కూడా అక్కర్లేదు. ఐదు నిమిషాలు చూసినా ఒక్క క్వెరీ రాలేదంటే క్వెరియర్ లేనట్టే. మందు: ఆఫీసు గదిలోని ప్రధాన స్విచ్‌లో ఆ వీలాన్‌కి ఒక ఐపీ చిరునామా ఇచ్చి క్వెరియర్ ఆన్ చెయ్యడం. ఐపీ ఇవ్వకుండా ఆన్ చేస్తే చాలా స్విచ్‌లు క్వెరీలు పంపవు, మెనూలో మాత్రం ఆన్ అనే చూపిస్తాయి. ఒకటికి మించి క్వెరియర్లు ఉంటే చిన్న ఐపీ ఉన్నదే పని చేస్తుంది. అన్ని స్విచ్‌లలో వెర్షన్ 2 పెట్టాం.

స్నూపింగ్ తీసేస్తే కూడా ఆగడం ఆగుతుంది. కానీ ఆ దారి వద్దు. అప్పుడు మల్టీకాస్ట్ ప్రతి పోర్టుకీ, వైఫై యాక్సెస్ పాయింట్‌కీ పోతుంది. యాక్సెస్ పాయింట్ మల్టీకాస్ట్‌ను తన అతి తక్కువ వేగంలో గాల్లోకి వదులుతుంది కాబట్టి టికెట్ కౌంటర్ వైఫై కుంటుపడుతుంది. డాంటే వీలాన్‌లో మాత్రం స్నూపింగ్ లేదు. ఉన్నవి కొద్ది పరికరాలే, అక్కడ దాని అవసరమూ లేదు.

మండపంలో టప్ టప్ – సరైంది

పాట నడుస్తుండగా అప్పుడప్పుడు టప్‌మని చప్పుడు, ఒక్కోసారి అర సెకండు మౌనం. మొదట అనుమానించాల్సింది యాంప్లిఫయర్ని కాదు, క్లాక్‌ని. డాంటే పరికరాలన్నీ పీటీపీతో (నెట్‌వర్క్ మీద సమయం కలిపే పద్ధతి) ఒకే క్లాక్‌ను అనుసరిస్తాయి. డాంటే కంట్రోలర్‌లో క్లాక్ స్టేటస్, దాని చరిత్ర చూస్తే మండపం యాంప్లిఫయర్ మాటిమాటికీ సింక్ కోల్పోతోంది. దాని దారిలో ఉన్నది కరెంటు ఆదా చేసే చిన్న స్విచ్. ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్నెట్ అనే ఆ సదుపాయం ఖాళీ ఉన్నప్పుడు లింకును నిద్రపుచ్చుతుంది. నిద్రలేచే ఆ కొద్దిపాటి ఆలస్యమే క్లాక్ ప్యాకెట్లను చెడగొడుతుంది. ఆ స్విచ్‌లో దాన్ని ఆపే మెనూ లేదు, కాబట్టి స్విచ్‌నే మార్చాం.

కొత్తదానిలో ప్రాధాన్యాలు కూడా పెట్టాం. ప్యాకెట్ మీద ప్రాధాన్యం తెలిపే అంకె డీఎస్‌సీపీ. 56, అంటే క్లాక్, అన్నిటికన్నా పైన. 46, అంటే ఆడియో, దాని కింద. మిగతావి అడుగున. గిగాబిట్ లింకులో ఒక్క ఆడియో మాత్రమే ఉంటే ఇది లేకపోయినా నడుస్తుంది. పక్కన కెమెరాలు ఉన్నాయి కాబట్టి పెట్టడమే మంచిది. లేటెన్సీ, అంటే శబ్దం చేరే ఆలస్యం, 2 మిల్లీసెకండ్లకు పెంచాం. మైక్ సెట్‌కి 0.25 అవసరం లేదు, దానితో వచ్చే లాభమూ లేదు.

వాల్యూమ్ పెంచితే తిరిగి మొదలయ్యే హారన్ – కేబుల్ మార్చాలి

పార్కింగు చివరి హారన్ మెల్లగా మాట్లాడితే పలుకుతుంది. నాదస్వరం పెద్దగా రాగానే ఆగి, ముప్పావు నిమిషం తర్వాత మళ్లీ వస్తుంది. దాని వెబ్ పేజీలో అప్‌టైమ్ ప్రతిసారీ సున్నా నుంచి మొదలవుతోంది. అంటే శబ్దం పోవడం కాదు, కరెంటు చాలడం లేదు. లాన్ కేబుల్ మీద కరెంటు ఇచ్చే 802.3ఏఎఫ్ ప్రమాణంలో స్విచ్ 15.4 వాట్లు ఇస్తే, 100 మీటర్ల అవతల పరికరానికి ఖాయంగా అందేది 12.95 వాట్లే. అది కూడా అసలైన రాగి కేబుల్‌తో.

కేబుల్‌ను ఇలా తేల్చాం. రెండు చివర్లూ ఊడదీసి, అవతలి చివర ఒక జతలోని రెండు తీగల్ని కలిపి, ఇవతల మల్టీమీటర్‌తో ఓమ్‌లు చూడాలి. 80 మీటర్ల 24 గేజ్ రాగి జతకు 13 నుంచి 15 ఓమ్‌లు రావాలి. ఇక్కడ 22 దాటింది. చాకుతో తీగ గీకితే పైన ఎర్రటి పూత, లోపల తెల్లటి అల్యూమినియం. డబ్బా మీద క్యాట్ 6 అని ఉన్నంత మాత్రాన లోపల రాగి ఉందని కాదు. కొనేటప్పుడే గీకి చూడాలి. మార్చేదాకా ఆ హారన్ వాల్యూమ్ తగ్గించి ఉంచాం.

వాన వెలిస్తే ప్రొటెక్ట్‌లోకి పోయే యాంప్లిఫయర్ – సగం సరైంది

ఇది నెట్‌వర్క్ తప్పు కాదని తేల్చడానికి ఒక్క పని చాలు. యాంప్లిఫయర్ వెనక లైన్ తీగలు రెండూ ఊడదీసి ఆన్ చెయ్యడం. ఇన్‌పుట్ మీటర్ ఆడుతూ, ప్రొటెక్ట్ దీపం (యాంప్లిఫయర్ తనను కాపాడుకోవడానికి ఆగిపోయిందని చూపేది) వెలగకపోతే తప్పు తీగల్లోనే ఉంది.

లైన్ మీద 15 వాట్ల ట్యాపుతో (ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎంచుకునే వాట్ల కొస) 8 హారన్లు, మొత్తం 120 వాట్లు. 100 వోల్టుల వర్గాన్ని, అంటే 10,000ని, 120తో భాగిస్తే 83 ఓమ్‌లు. దీన్ని మామూలు మల్టీమీటర్‌తో కొలవకూడదు. అది డీసీ మీద ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు తీగను మాత్రమే చూసి ఎంతో తక్కువ చూపిస్తుంది, లేని షార్ట్‌ను వెతుక్కుంటూ తిరగాల్సి వస్తుంది. 1 కిలోహెర్ట్జ్ మీద కొలిచే ఇంపెడెన్స్ మీటర్ కావాలి. దాంతో చూస్తే 14 ఓమ్‌లు. లైన్‌ను మధ్య జంక్షన్ బాక్సు దగ్గర విడగొట్టి, తక్కువ చూపించిన సగాన్ని మళ్లీ రెండు చేస్తూ పోతే మూడో కొలతకే ఒక్క హారన్ మిగిలింది. పండగకి మార్చిన 16 ఓమ్‌ల యూనిట్‌ను లైన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా కలిపేశారు. మిగతా ఏడూ కలిపి 95 ఓమ్‌లు, దానికి సమాంతరంగా 16 ఉంటే సరిగ్గా 14 దగ్గరికే వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక 83కి చేరింది.

వానకీ దీనికీ సంబంధం లేదు, అది వేరే తప్పు. యాంప్లిఫయర్‌ను పూర్తిగా విడదీసి, లైన్ రెండు తీగల్నీ కలిపి, భూమికీ వాటికీ మధ్య 250 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టాలి. పొడిగా ఉన్నప్పుడు మెగాఓమ్‌లు వచ్చేది, వాన తర్వాత కొన్ని వేల ఓమ్‌లకు పడిపోతోంది. ఉత్తరపు గోడ మీది హారన్ వెనక జాయింట్‌కి చుట్టిన ఇన్సులేషన్ టేపు విప్పితే లోపల తీగలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. పక్కనున్న ఇనప బ్రాకెట్‌కి తడి టేపు ఆనుకుని ఉంది. కొత్తగా వాన ఆగే జంక్షన్ బాక్సు పెట్టి, గ్లాండ్ (తీగ లోపలికి వెళ్లే బిగుతు మూత) కిందివైపు ఉండేలా తిప్పి, తీగ బాక్సులోకి వెళ్లే ముందు ఒక వంపు కిందికి దించాం, నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. ఇలాంటి జాయింట్లు ఇంకా తూర్పు గోడ మీద ఉన్నాయి.

యాంప్లిఫయర్‌లో 200 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కింది శబ్దాలను ఆపే ఫిల్టర్) కూడా పెట్టాం. హారన్లు దానికి కింద ఎలాగూ పలకవు, ఆ తక్కువ శబ్దాలు ట్రాన్స్‌ఫార్మర్లను శాచురేట్ చేసి యాంప్లిఫయర్ మీద భారం పెంచుతాయి.

4:30కి రావాల్సిన సుప్రభాతం 10 గంటలకు – సరైంది

తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే వెతకాల్సిన పని లేదు. కరెంటు పోయి వచ్చాక ప్లేయర్ టైమ్ జోన్ యూటీసీకి వెళ్లిపోయింది. జోన్ మళ్లీ పెట్టి, నెట్ నుంచి సమయం తెచ్చుకునే ఎన్‌టీపీ చిరునామా ఇచ్చి, లోపలి సీఆర్2032 బ్యాటరీ మార్చాం. షెడ్యూల్‌లో తెల్లవారుజాము పాట మండపం లోపలి స్పీకర్లకు మాత్రమే పోతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటి హారన్లు మోగకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన, కాబట్టి ఆ వేళల్లో వాటికి మ్యూట్ పెట్టాం.

తర్వాతి పని: కోనేటి గట్టు ప్రతిధ్వని

గట్టు మీది ఐపీ హారన్ కింద నిలబడితే మాట రెండుసార్లు వినిపిస్తుంది. గోపురం వైపు హారన్ 70 మీటర్ల దూరం. 30 డిగ్రీల ఎండలో శబ్దం సెకండుకు సుమారు 350 మీటర్లు పోతుంది కాబట్టి అక్కణ్ణుంచి రావడానికి 200 మిల్లీసెకండ్లు. గట్టు మీది హారన్‌ను అంత ఆలస్యం చెయ్యాలి, కానీ దాని సొంత బఫర్ ఆలస్యాన్ని అందులోంచి తీసెయ్యాలి. దాన్ని లెక్కతో కాకుండా కొలిచే పెడతాం. మిక్సర్ నుంచి టక్‌మనే ఒక్క క్లిక్ పంపి, గట్టు హారన్ కింద ఫోన్‌లో రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో రెండు శిఖరాల మధ్య ఎడం చూస్తే అదే పెట్టాల్సిన అంకె. చలికీ ఎండకీ వచ్చే తేడా ఈ దూరానికి 7 మిల్లీసెకండ్లు మించదు, కాలం మారినప్పుడల్లా మార్చనక్కర్లేదు.