ఫెర్న్ హాలో వంతెన

పిట్స్‌బర్గ్‌లో మా ఇంటి నుంచి పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేటప్పుడు దారిలో వంతెనలు లెక్కపెట్టడం మా అమ్మాయికి ఆట. నాకేమో 2022 జనవరి 28 నుంచి అదే టెన్షన్. ఆ రోజు మంచు పడ్డ పొద్దున, ఫోర్బ్స్ అవెన్యూలోని ఫెర్న్ హాలో వంతెన సిటీ బస్సుతో సహా కింది లోయలోకి కూలిపోయింది. ఎవరూ చనిపోలేదు, అదే పదివేలు. కారణం వింటే ఒళ్లు మండింది. నీళ్లు పోయే దారులు చెత్తతో పూడిపోయాయి. తడి నిలిచి, ఉక్కు కాళ్లు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. తనిఖీల్లో ఏళ్ల తరబడి రాస్తూ వచ్చిన సంగతే ఇది! కొత్త వంతెన మాత్రం ఆ డిసెంబరుకల్లా తెరిచేశారు. మొన్న ఫ్రిక్ పార్కులో నడుస్తూ దాని కింద ఆగి తలెత్తి చూస్తుంటే, "అమ్మా, దీనికి తుప్పు లేదులే, పద" అంది మా పిల్ల.