కుస్కుస్ వండని ఇల్లు

జర్మన్ దర్శకుడు రైనర్ వెర్నర్ ఫాస్‌బిండర్ తీసిన 1974 నాటి ‘భయం ఆత్మను తినేస్తుంది’ చిత్రాన్ని నేను మళ్లీ మళ్లీ చూసేది దాని రెండో సగం కోసమే. మ్యూనిక్‌లో పాచిపని చేసుకునే వితంతువు ఎమ్మీ, తనకన్నా ఎంతో చిన్నవాడైన మొరాకో కార్మికుణ్ణి పెళ్లాడగానే అందరూ మొహం తిప్పుకుంటారు. కొడుకు కోపంతో టీవీని తన్ని పగలగొడతాడు. ఆ తర్వాత, తమ తమ అవసరాల కోసం వాళ్లంతా మళ్లీ దగ్గరయ్యాక, అదే ఎమ్మీ భర్త కండలను తోటి పనివాళ్లకు చూపించి, తాకనిస్తూ మురిసిపోతుంది. అతడు అడిగిన కుస్కుస్, అంటే గోధుమ రవ్వతో చేసే అతని దేశపు వంటకం, మాత్రం వండదు, జర్మనీ పద్ధతులకు అలవాటుపడమంటుంది. ఎంత మామూలు మాట, ఎంత లోతుగా దిగుతుంది! అతని అసలు పేరు చాలా పొడవైనది, కానీ అందరికీ అతను అలీయే. చివరికి అతడు ఆ వంటకం కోసం బారు నడిపే స్త్రీ ఇంటికి వెళతాడు.