ఫిట్స్ రావాలని మొక్కిన రోజులు

మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు నాకు 14 ఏళ్లు. ఎవరో నొక్కినట్టు గొంతు బిగుసుకునేది, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కేది, తర్వాత ఏమీ తెలిసేది కాదు. కళ్లు తెరిచేసరికి గుప్పెట్లో తాళాల గుత్తి ఉండేది. ఇనుము పెడితే తగ్గుతుందని ఇంట్లో నమ్మకం. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే చాలని మాకు చెప్పినవాళ్లు లేరు. అప్పటి నుంచి అమ్మ నన్ను బాత్రూం గడియ వేసుకోనివ్వలేదు.

మందులు మారుస్తూ 12 ఏళ్లు గడిచాయి. సరిగ్గా ఎంచిన రెండు మందులు వాడినా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారని, సర్జరీకి వీలుందేమో అప్పుడే చూడాలని నాకు నాలుగో మందు దగ్గర తెలిసింది. మూర్ఛ మీద పనిచేసే అంతర్జాతీయ వైద్య సంఘం ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ ఈ నిర్వచనం 2010లోనే ఇచ్చింది. ముందే తెలిస్తే డిగ్రీ మధ్యలో మానేసేదాన్ని కాదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఎమ్మారైలో ఏదీ స్పష్టంగా కనపడలేదు. అందుకే ఫిట్స్ ఎక్కడ పుడుతోందో పట్టుకోడానికి మెదడు లోపలికి ఎలక్ట్రోడ్లు, అంటే మెదడులోని కరెంటును పసిగట్టే సన్నటి తీగలు, పంపారు. "రోబో ఆపరేషన్ చేసిందట కదా" అని అందరూ అడుగుతారు. కంప్యూటర్లో ముందే గీసుకున్న దారికి సరిగ్గా గురిపెట్టి, రోబో చెయ్యి కదలకుండా నిలబడుతుంది. రంధ్రం చేసేది డాక్టరే. పుర్రె తెరవలేదు, రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రాలు 11 చేశారంతే.

ఆ తర్వాతే అసలు కష్టం. మందులు తగ్గించి కెమెరా ముందు పడుకోబెట్టారు. ఫిట్స్ వస్తేనే అది ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. ఇన్నేళ్లూ రావద్దని మొక్కిన అమ్మ, మంచం పక్కన కూర్చుని రావాలని మొక్కింది. మూడు రోజులు రాలేదు. బిల్లు పెరుగుతోందని నాన్నకు టెన్షన్. నాలుగో రోజు తెల్లవారుజామున గొంతు బిగిసింది, ఫిట్స్ వస్తే నొక్కమని ఇచ్చిన బటన్ నొక్కాను. తెలివి వచ్చాక చూస్తే అమ్మ నా పాదాలు పట్టుకుని ఏడుస్తోంది, మంచికే వచ్చిందని తెలిసి కూడా.

ఫిట్స్ మొదలయ్యే చోటు కుడివైపు ఇన్సులా అనే భాగంలో, మెదడు మడతల అడుగున దొరికింది. అవే ఎలక్ట్రోడ్ల ద్వారా కరెంటు పంపి ఆ కాస్త చోటును వేడితో కాల్చారు. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టి మత్తు ఇవ్వలేదు. "చెయ్యెత్తమ్మా, మీ ఊరేది?" అని డాక్టరు అడుగుతూనే ఉన్నారు. మధిర అని నాలుగుసార్లు చెప్పాను.

రెండు వారాలు ఎడమ చెయ్యి మొద్దుబారినట్టుండి తగ్గింది. మళ్లీ రావచ్చని, వస్తే పెద్ద ఆపరేషన్ ఆలోచించాలని ముందే చెప్పారు. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. 11 నెలలైంది, రాలేదు.

మొన్న స్నానానికి వెళ్లి గడియ వేసుకున్నాను. ఆ చప్పుడు అమ్మకు వినపడింది. ఏమీ అనలేదు. నేను బయటికొచ్చేదాకా తలుపు దగ్గరే పీట వేసుకుని కూర్చుంది.