ఏడాది పాటు నన్ను వదలని ప్రశ్న

పీహెచ్‌డీ ప్రవేశాల జాబితాలో నా పేరు వచ్చిన నాటి నుంచి, నెట్, గేట్ ఫిజిక్స్‌కు చదువుతున్న తిరుపతి మిత్రులు ఏయే పుస్తకాలు చదివానని అడుగుతున్నారు. అవి మీ అందరి దగ్గరా ఉన్నవే. నెట్‌లోని పార్ట్ సీ విభాగానికి పాత ప్రశ్నపత్రాలు చేయడం తప్ప నేను కొత్తగా చేసిందేమీ లేదు. చెప్పవలసింది నిరుడు ఇంటర్వ్యూలో తప్పిన ప్రశ్న గురించే.

బిస్మత్ సెలెనైడ్ స్ఫటికానికి బ్యాటరీ ఏదీ తగిలించకుండా, దాని 0.3 ఎలక్ట్రాన్ వోల్టుల బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదిలే స్థితికి చేరడానికి దాటాల్సిన శక్తి అంతరం) కంటే తక్కువ శక్తి గల పరారుణ కాంతిని, అంటే సుమారు 4 మైక్రాన్లు దాటిన కాంతిని పంపితే కరెంటు వస్తుందా అని అడిగారు. గ్యాప్ దాటించలేని ఫోటాన్‌ను పదార్థం గ్రహించదని, గ్రహించినా విద్యుత్ క్షేత్రం లేనిదే ఎలక్ట్రాన్లు ఒక దిక్కుకు నడవవని తడుముకోకుండా చెప్పాను. రెండూ తప్పే. అది టోపోలాజికల్ ఇన్సులేటర్ అని, అంటే లోపల బంధకంగా ఉండి ఉపరితలం మీద మాత్రం విద్యుత్తును పోనిచ్చే పదార్థమని, గ్యాప్ మధ్యలో ఎలక్ట్రాన్లు ఉండగల ఉపరితల స్థితులుంటాయని నాకు తెలుసు. గ్యాప్ కంటే తక్కువ శక్తి గల కాంతిని అవి గ్రహించగలవని మాత్రం తట్టలేదు. నిర్వచనం అడిగి ఉంటే అప్పజెప్పేవాడిని.

తర్వాత చాలా రోజులకు, బైరాగిపట్టెడలో మా గది మిద్దె మీద కూర్చుని కొండ మీది బండ్ల దీపాలు చూస్తుంటే విషయం బోధపడింది. తిరుమలకు ఎక్కే బండ్లకు ఒక ఘాట్ రోడ్డు, దిగే బండ్లకు మరొకటి. ఉపరితలం మీద ఎలక్ట్రాన్ స్పిన్ (చిన్న అయస్కాంతంలా దానికి సహజంగా ఉండే దిశ) కూడా దాని ప్రయాణ దిశతో అలాగే ముడిపడి ఉంటుంది. ఎక్కేవీ దిగేవీ సమానంగా ఉన్నంతవరకు నికర ప్రవాహం సున్నా. వృత్తాకార ధ్రువణం గల, అంటే విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరుగుతూ సాగే కాంతి ఏటవాలుగా పడితే ఒక దిశ స్పిన్‌నే ఎక్కువగా ఉత్తేజపరుస్తుంది కాబట్టి ఆ సమతూకం చెడి, బ్యాటరీ లేకుండానే కరెంటు పుడుతుంది. స్ఫటికం లోపల విలోమ సౌష్ఠవం (కేంద్ర బిందువు గుండా ప్రతి అణువునూ ఎదురు వైపుకు మార్చినా నిర్మాణం మారకపోవడం) ఉండటం వల్ల ఈ కరెంటు రాదు. ఉపరితలం దగ్గర ఆ సౌష్ఠవం భంగమవుతుంది.

ఎంఐటీ పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగంలో గ్యాప్ కంటే ఎక్కువ శక్తి గల 795 నానోమీటర్ల కాంతితోనే అయినా, దాని దారిలో ధ్రువణాన్ని మార్చే క్వార్టర్ వేవ్ ప్లేటును తిప్పుతూ ఈ కరెంటును కొలిచారు. ధ్రువణం కుడి నుంచి ఎడమకు మారితే ధ్రువణంపై ఆధారపడిన కరెంటు కూడా దిశ మార్చుకుంది. ఆ గ్రాఫును నోటుబుక్కులో ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. ఒక్క ప్రశ్న కోసం నెలలు పోగొట్టుకున్నానని ఇంట్లో బాధపడ్డారు గాని, సౌష్ఠవాన్ని ముందు చూసి ఆ తర్వాతే సూత్రం వెతికే అలవాటు నాకు ఆ నెలల్లోనే పట్టుబడింది.

ఈసారి ఇంటర్వ్యూలో, అదే కాంతి నిలువుగా పడితే ఏమవుతుందని అడిగారు. ఉపరితలానికున్న మూడు మడతల భ్రమణ సౌష్ఠవం (120 డిగ్రీలు తిప్పినా అలాగే కనిపించడం) వల్ల వృత్తాకార ధ్రువణం నుంచి వచ్చే కరెంటు సున్నా అవుతుందని చెప్పి, సుద్దముక్క అడిగి తీసుకుని, బోర్డు మీద గీసి చూపించాను.